పొద్దున నడకా, రాత్రి భోజనమా: ముందు ఏ అలవాటు పట్టుకోవాలి?

షుగర్ రిపోర్టు చేతికొచ్చిన మర్నాడు మన దగ్గర చాలామంది చేసే మొదటి పని కొత్త షూ కొనుక్కోవడం. రెండోది ఫోన్‌లో ఐదింటికి అలారం పెట్టుకోవడం. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో, భద్రకాళి బండ్ మీదనో, వడ్డేపల్లి చెరువు కట్ట మీదనో ఒక వారం గట్టిగా నడుస్తారు. ఆ తర్వాత ఏదో పెళ్లి వస్తుంది, లేదంటే ముసురు పట్టుకుంటుంది. షూ మంచం కిందికి చేరుతుంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. వాళ్లు మొదలుపెట్టిన చోటే సరైంది కాదు.

ఆరోగ్యంగా ఉండాలంటే ఏం చేయాలో ఎవరినడిగినా చెబుతారు. నడవాలి, అన్నం తగ్గించాలి, ఆకుకూరలు తినాలి, టైముకు పడుకోవాలి. వీటిలో ముందు ఏది అన్న దగ్గరే చిక్కు. నాలుగూ ఒకేసారి పట్టుకుంటే నెల తిరక్కుండానే నాలుగూ జారిపోతాయి. అందుకే మనవాళ్లు ఎక్కువగా తర్జనభర్జన పడే విషయాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో నాకు తోచింది చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: దుకాణమో ఆఫీసో చూసుకుని రాత్రి తొమ్మిది దాటాక ఇల్లు చేరేవాళ్లు పొద్దున నడకతో మొదలుపెట్టకండి. రాత్రి భోజనంతో మొదలుపెట్టండి.

తెల్లారి నడక, రాత్రి నడక

వరంగల్ చౌరస్తా దగ్గరో స్టేషన్ రోడ్డులోనో దుకాణం నడిపే మనిషి రోజు ఎలా ఉంటుందో చూడండి. షట్టర్ దించేసరికి తొమ్మిదిన్నర. ఇంటికొచ్చి స్నానం చేసి టీవీ ముందు కూర్చునేసరికి పది. పదిన్నరకు భోజనం. తినగానే మంచం, చేతిలో ఫోన్. నిద్ర పట్టేది పన్నెండుకు. ఈ మనిషి ఐదింటికి లేచి నడవాలంటే ఐదు గంటల నిద్రతో సరిపెట్టుకోవాలి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నిద్ర తక్కువైన రోజున ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది, రెండు చాయ్‌లు ఎక్కువ పడతాయి. పొద్దున నడకతో సంపాదించింది సాయంత్రానికల్లా అలా పోతుంది. నాలుగో రోజున అలారం ఆపేస్తే ఆ మనిషి తప్పు కాదు. ఒళ్లు తన నిద్ర తను అడుగుతోంది.

అదే మనిషి ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా తినడం అలవాటు చేసుకున్నాడనుకోండి. పడుకునే వేళకు రెండు గంటల ముందే కడుపు పని మొదలవుతుంది, ఛాతీలో మంట తగ్గుతుంది, నిద్ర తొందరగా పడుతుంది. నెల తిరిగేసరికి అలారం లేకుండానే ఆరింటికి మెలకువ రావచ్చు. పొద్దున నడక అప్పుడు మొదలుపెడితే నిలుస్తుంది.

దుకాణం వదిలి ఎనిమిదింటికి తినడం ఎట్లా అని అడుగుతారు. రెండు దారులున్నాయి. ఒకటి, మధ్యాహ్నంలాగే రాత్రికి కూడా డబ్బా తెప్పించుకుని గల్లా దగ్గరే తినేయడం. ఒంటికి ఇదే మంచిది. కానీ చాలా ఇళ్లలో అందరూ కలిసి కూర్చునేది ఆ ఒక్క పూటే. పిల్లలు నాన్న వచ్చేదాకా కాచుకుని ఉంటారు. ఆ పొత్తు పోగొట్టుకోమని నేను చెప్పను. అలాంటి ఇంటికి రెండో దారి మేలు: సాయంత్రం ఏడింటికి దుకాణంలోనే ఒక గిన్నెడు గుడాలు, అంటే ఉడికించిన శనగలైనా బొబ్బర్లైనా, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండుకుని తినడం. ఇంటికెళ్లాక పిల్లలతో కూర్చుని సగం భోజనం చేయడం. ఆకలి మీద పళ్లెం ముందు కూర్చుంటే ఎవరి చెయ్యీ ఆగదు. ఏడింటి గుడాలు ఆ ఆకలినే ముందుగా తగ్గిస్తాయి.

తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు నడవండి. మెల్లగానే. కాళ్ల కండరాలు కదులుతున్నప్పుడు రక్తంలోకి వచ్చే చక్కెరను వాడుకుంటాయి కాబట్టి, భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పైకి ఎగబాకకుండా ఆ నడక అడ్డుపడుతుంది. దీనికి షూ అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు. చెప్పులేసుకుని గల్లీ చివరిదాకా వెళ్లి రావడమే. కుక్కల భయం ఉంటే ఇద్దరు కలిసి వెళ్లండి, లేదా డాబా ఎక్కండి. చీకటిపడ్డాక ఒంటరిగా రోడ్డు మీద తిరగడం ఇష్టంలేని ఆడవాళ్లకు డాబాయే హాయి.

పొద్దున నడకను తక్కువ చేయడం లేదు. వేగంగా నడిచి గుండెకు, ఊపిరితిత్తులకు పని పెట్టడం రాత్రి నడకతో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, నడుస్తూ మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. తిన్న కడుపుతో అంత వేగం కూడదు. కాబట్టి రాత్రి పదికల్లా పడుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు నిశ్చింతగా పొద్దున నడకతోనే మొదలుపెట్టవచ్చు.

ఇంటి పని చూసుకునే అమ్మలది వేరే లెక్క. పొద్దున నల్లా వచ్చే టైము, పిల్లల బాక్సులు, పెద్దవాళ్ల చాయ్, అన్నీ ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్యే. ఆ రెండు గంటల్లో నడక ఇరికించుకోమని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఆ వంటింట్లో నిలబడి ఉండరు. పిల్లల్ని స్కూల్ బస్సెక్కించడానికి ఎలాగూ సందు చివరికి వెళ్తారు కదా, బస్సు కదలగానే ఇంటివైపు తిరక్కుండా అటునుంచి అటే ఇరవై నిమిషాలు నడిచి రండి. ఇంట్లోకి ఒకసారి అడుగుపెట్టారంటే అంట్లు పిలుస్తాయి.

ఎండాకాలం సంగతి కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పొద్దున ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది, మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటే రోజులు తక్కువేం కావు. ఆ రెండు మూడు నెలలు పొద్దున నడిచేవాళ్లు ఆరుకల్లా బయటపడాలి, కుదరకపోతే రాత్రికి మార్చుకోవాలి. అలవాటు టైము మారినా పర్వాలేదు, ఆగిపోకుండా చూసుకుంటే చాలు.

రోజుకు పది వేల అడుగులు వేయాలన్న టెన్షన్ కూడా ఈ సందర్భంలోనే వదిలించుకోండి. ఆ సంఖ్య 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం పేరులోంచి వచ్చింది, వైద్య పరిశోధనలోంచి కాదు. సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేలకు పైగా అమెరికా మహిళలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి లాభం ఇక పెరగలేదు. ఫోన్‌లో ఆరు వేలు చూసి దిగులుపడే పెద్దమ్మలు, పెదనాన్నలు హాయిగా ఉండవచ్చు.

అన్నం మానడమా, తగ్గించడమా, రొట్టెకు మారడమా

ఎక్కువ గొడవలు జరిగేది ఈ విషయంలోనే. డాక్టర్ “రైస్ తగ్గించండి” అనగానే కొందరు అన్నం పూర్తిగా మానేస్తారు. పది రోజులకు దావత్‌లో బగారా అన్నం ముందు అన్ని పూటల బాకీ తీర్చుకుంటారు. తరాలుగా అన్నం తిన్న ఇళ్లలో అన్నం మానడం అనే దారి షుగర్ మందులు వాడే కొద్దిమందికి, డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప, నిలబడదు. దాన్ని పక్కన పెట్టేద్దాం.

మిగిలింది రెండు: తగ్గించడం, లేదా రాత్రిపూట జొన్న రొట్టెకు మారడం.

జొన్నల గొప్పేమిటో ముందు చూద్దాం. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాములలోపే ఉంటుంది, జొన్నల్లో పది గ్రాముల దాకా ఉంటుంది. మాంసకృత్తులు కూడా జొన్నల్లోనే కొంచెం ఎక్కువ. పీచు వల్ల కడుపు నిండినట్టుంటుంది, చక్కెర రక్తంలోకి నిదానంగా వెళ్తుంది. కేలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు, రెండూ వంద గ్రాములకు 330 నుంచి 360 మధ్యే. మూడు రొట్టెలు తిని, ఆపైన “ఒక్క ముద్ద పెరుగన్నం” అని గంటెడు పెట్టుకుంటే మొత్తం తిండి పెరిగినట్టే. రొట్టెకు మారాం, అయినా బరువు తగ్గట్లేదు అనేవాళ్లలో చాలామంది పళ్లెంలో ఆ చివరి ముద్ద ఉంటుంది.

ఇక రొట్టె చేయడం ఎంత పనో కూడా చూడాలి. మసిలే నీళ్లు పిండిలో పోసి గంటెతో కలిపి, కాస్త చల్లారాక అరచేతి మొదలుతో బాగా మర్దించాలి. గోధుమపిండిలా సాగే గుణం జొన్నపిండికి లేదు. నీళ్లు వేడిగా లేకపోయినా, పిండి పాతదైనా అంచులు విచ్చుకుంటాయి. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లుకుంటూ అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పాలి. పెనం మీద వేశాక పైన తడిచెయ్యి రాయాలి, ఆ తడి ఆరగానే తిప్పాలి. నలుగురికి ఎనిమిది రొట్టెలు కావాలంటే పొయ్యి దగ్గర అరగంట పైనే నిలబడాలి, అదీ వేడివేడిగా ఒక్కొక్కటి. మామయ్య షుగర్ తగ్గాలని రాత్రి తొమ్మిదింటికి కోడలు ఆ అరగంట నిలబడితే, ఆమె తినేది పదిన్నరకు, పడుకునేది పదకొండున్నరకు. ఒకరి ఆరోగ్యం కోసం ఇంకొకరి నిద్ర పోతోంది. ఇలాంటి అలవాటు ఎక్కువ రోజులు నడవదు, నడవకూడదు కూడా.

కాబట్టి రొట్టె ఎంచుకునే ఇల్లు ముందు తేల్చుకోవాల్సింది చేసేదెవరు అని. ఇద్దరు కలిసి చేస్తే, ఒకరు తడుతుంటే ఒకరు కాలిస్తే, పని సగమవుతుంది. వారంలో మూడు రోజులు చాలు అనుకోవచ్చు. సాయంత్రాలు రోడ్డు పక్కన జొన్న రొట్టెలు కాల్చి అమ్మే అమ్మల దగ్గర తెచ్చుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే జొన్న గట్క వండుకోండి. జొన్నరవ్వను అన్నంలా కుక్కర్‌లో పెట్టేయొచ్చు, నిలబడే పని లేదు. పూర్వం మన ఊళ్లలో రోజూ తిన్నదే అది.

డబ్బుల లెక్క కూడా ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే మనిషికి రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. మోతాదుగా చూస్తే ఇది తప్పు కాదు, రెండు పూటలకు సర్దుకోగలిగినంతే. ఉచితంగా వచ్చే మంచి బియ్యం పక్కన పెట్టి జొన్నలు కొనుక్కోమని కూలి చేసుకునే ఇంటికి సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. వాళ్లకు తగ్గించడమే దారి. బియ్యం కొనక్కర్లేక మిగిలిన డబ్బు కూరగాయల మీద, పప్పు మీద పెట్టాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది. రోజువారీ కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు, పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మన పళ్లెం చూస్తే తలకిందులుగా ఉంటుంది. అన్నం కొండ, పక్కన రెండు చెంచాల కూర.

తగ్గించడం ఎలా? పళ్లెంలో తగ్గిస్తే పని జరగదు, వండేటప్పుడే తగ్గాలి. బియ్యం కొలిచే గ్లాసు మార్చండి. మూడు గ్లాసులు పోసే ఇంట్లో రెండున్నర పోయండి, ఓ పదిహేను రోజుల తర్వాత రెండు. వండిందంతా వండి తక్కువ తింటే గిన్నెలో మిగిలింది పారేయలేక చివరికి అమ్మే తింటుంది. ఇంట్లో అందరికీ షుగర్ కంట్రోల్ అయి అమ్మకే పెరిగిందంటే కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

రాత్రి కూర ఏదన్నది కూడా అన్నం లెక్కను మారుస్తుంది. పచ్చిపులుసు చేసిన రోజు అన్నం ఎంత పోతుందో మనకు తెలియనిది కాదు. చింతపండు పులుపుకు, ఉల్లిగడ్డ ముక్కకు గిన్నె ఖాళీ అవుతుంది. అది మధ్యాహ్నానికి ఉంచుకుని, రాత్రికి గట్టి కూరలు పెట్టండి: పాలకూర పప్పు, ఆనిగెపుకాయ శనగపప్పు, గంగవాయిలి కూర పప్పు, చిక్కుడుకాయ. ముందు నాలుగు ముద్దలు కూర వట్టిదే తిని, తర్వాత అన్నం కలుపుకోండి. కూర ముందు, అన్నం వెనక పడితే షుగర్ పెరగడం కూడా నెమ్మదిస్తుంది.

పెద్దవాళ్ల నుంచి అడ్డు వస్తుంది. “ఏం బిడ్డా, గింతనే పెట్టినవు? కడుపు నిండ తినకుంటే నిద్రెట్ల పడ్తది?” అని అత్తమ్మ అడిగితే వాదనకు దిగకండి. “కూర ఎక్కువ చేసిన అత్తమ్మా, అది అయిపోవాలె గద” అంటే సరిపోతుంది. ఆకలి చూసిన తరం అది. పళ్లెం నిండుగా కనిపించాలన్న వాళ్ల కోరికను గౌరవిస్తూనే పళ్లెంలో ఏముందో మార్చవచ్చు.

ఒక హెచ్చరిక: ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు భోజనం టైమును గానీ, మోతాదును గానీ ఒక్కసారిగా మార్చకూడదు. మందు మోతాదు పాత తిండికి సరిపడా రాసింది. తిండి తగ్గించి మందు అలాగే వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి.

చాయ్

చక్కెర మానడం, బెల్లం చాయ్‌కి మారడం, కప్పులు తగ్గించడం, ఈ మూడింట్లో నేను చివరిదానికే ఓటేస్తాను. బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం వల్ల రక్షణ లేదు. ఒక కప్పులో రెండు చెంచాలంటే పది గ్రాములు, రోజుకు నాలుగు కప్పులంటే నలభై. పోషకాహార సంస్థ రోజు మొత్తానికి చెప్పే హద్దు సుమారు 25 గ్రాములే.

పొద్దున మొదటి చాయ్ జోలికి పోకండి, దాన్ని తీసేస్తే మనిషి రోజంతా చిరాగ్గా ఉంటాడు. సాయంత్రం ఆరింటి చాయ్ తీసేయండి. చాయ్‌లోని కెఫీన్ సగం కరగడానికి ఐదు గంటల దాకా పడుతుంది, కాబట్టి ఆరింటికి తాగింది పదకొండింటికి కూడా నిద్రను ఆపుతుంటుంది. హోటల్లో చక్కెర ముందే కలిపేసి ఉంటుంది, అక్కడ తగ్గించమంటే కుదరదు. ఎవరైనా తోడుంటే వన్ బై టూ చెప్పండి. ఇంట్లో చాయ్‌లో వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి, నాలుక సర్దుకుంటుంది. రక్తం తక్కువ ఉన్న ఆడపిల్లలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ తాగకపోవడం ఇంకా ముఖ్యం. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది.

జిమ్మా, ఇంట్లోనా, యోగానా

పాతికేళ్ల కుర్రాళ్లకు జిమ్ మంచిదే. బరువులెత్తడం నేర్పేవాళ్లుంటారు, పక్కన స్నేహితులుంటారు. ఆరు నెలలు, ఏడాది ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. ఆ తగ్గింపు మీద ఆశపడకుండా ఒక నెలకే కట్టండి. ఇల్లుకీ ఆఫీసుకీ మధ్య దారిలో ఉన్న జిమ్ మామూలుదైనా, ఊరవతల ఉన్న ఏసీ జిమ్ కంటే మేలు. నయీంనగర్‌లో ఉండి కాజీపేట జిమ్‌కు వెళ్లాలంటే ట్రాఫిక్కే ఒక సాకు అవుతుంది. డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడి కోసం ఖర్చు పెట్టే ముందు రోజూ రెండు గుడ్లు, పల్లీలు, పప్పు, పెరుగు తింటున్నామా అని చూసుకోవాలి.

నలభై దాటినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కండబలం సంగతి మరిచిపోతున్నారు. నడకొక్కటే చాలు అనుకుంటున్నారు. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతూ పోతుంది. కింద కూర్చుని లేవలేకపోవడం, బస్సు మెట్లు ఎక్కడానికి కమ్మీ పట్టుకోవడం దానికి గుర్తులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టమంటుంది. దానికి జిమ్ అవసరం లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు రెండు చేతులు ఆనించి పదిసార్లు వెనక్కూ ముందుకూ తోయండి. సగం నింపిన బకెట్ రెండు చేతులతో మార్చి మార్చి పట్టుకుని వరండా చివరిదాకా నడవండి. కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు మొదటి రెండూ అయిపోతాయి.

యోగా ఒళ్లు వంగడానికి, నిలకడకు, మనసు కుదుటపడటానికి బాగుంటుంది. నెమ్మదిగా చేసే ఆసనాలు వేగమైన నడకకు బదులు కావు, రెండూ ఉంటే మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గట్టి రోడ్డు మీద కాకుండా గ్రౌండ్ మట్టి మీద నడవడం, కుర్చీ వ్యాయామంతో తొడ కండను బలపరుచుకోవడం ఎంచుకోవాలి. నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆయాసం మామూలుకంటే ఎక్కువున్నా వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి.

ఒక్కరే, తోడుతో

తోడుంటే మొదలుపెట్టడం తేలిక. గేటు దగ్గర ఒక మనిషి నిలబడి పిలుస్తుంటే దుప్పటి కప్పుకుని పడుకోలేం. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే రోజూ సాయంత్రం గంటసేపు చప్పట్లు కొడుతూ, వంగుతూ, తిరుగుతూ ఆడతారు. ఎవరికీ అది వ్యాయామం అనిపించదు, పక్కన వదినా మరదళ్లుంటారు కాబట్టి. సద్దుల బతుకమ్మ అయిపోయిన మర్నాడు అదే గుంపు అదే టైముకు నడకకు బయల్దేరితే ఎంత బాగుంటుందో.

అయితే తోడుకో చిక్కుంది. వాళ్లు ఊరెళ్తే మీదీ ఆగుతుంది. అందుకే మొదటి నెల తోడుతో నడిచినా, వారంలో ఒక రోజు కావాలనే ఒంటరిగా నడవండి. కాలేజీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు నడిచి గేటు బయట మిర్చీబజ్జీల దగ్గర ఆగే బ్యాచ్‌లు కూడా ఉంటాయి. ఎవరితో నడుస్తున్నారో చూసుకోవాలి.

లెక్క రాసుకోవడానికి ఫోన్ యాప్ కంటే గోడ మీద క్యాలెండర్ నాకు నచ్చుతుంది. యాప్ తెరిస్తే పక్కనే వీడియోలుంటాయి. క్యాలెండర్ మీద టిక్ పెడితే ఇంట్లో పిల్లలు కూడా చూస్తారు, అడుగుతారు.

మధ్యలో రోజులు తప్పితే ఏమవుతుందన్న బెంగ చాలామందికి ఉంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. కొత్త పని ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని తేల్చారు. ఒక్క రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది. 21 రోజులు చేస్తే చాలని ఎక్కడో విని, 22వ రోజు కష్టంగా ఉందని వదిలేసినవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. దావత్ రోజున మటన్ తినండి, మొహమాటం లేకుండా తినండి. ఇంటికొచ్చాక ఆ పది నిమిషాల నడక మాత్రం వదలకండి. తిండి అదుపు తప్పిన రోజున కూడా ఏదో ఒక ముక్క నిలబెట్టుకుంటే మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు.

గడియారం పనికిరాని ఇళ్లు

ఇప్పటిదాకా చెప్పింది రోజూ ఒకే టైముకు లేచి పడుకునేవాళ్లకు. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లకు, కాజీపేట రైల్వే రన్నింగ్ స్టాఫ్‌కు “ఎనిమిదింటికి భోజనం” అన్న మాటకు అర్థమే లేదు. ఒక వారం ఫస్ట్ షిఫ్ట్, ఇంకో వారం నైట్. వాళ్లు అలవాటును గంటకు ముడిపెట్టకూడదు, డ్యూటీకి ముడిపెట్టాలి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక స్నానానికి ముందు పదిహేను నిమిషాల నడక అనుకుంటే, షిఫ్ట్ ఏదైనా అది మారదు. నైట్ షిఫ్ట్‌లో పెద్ద భోజనం డ్యూటీకి వెళ్లే ముందే చేసి, అర్ధరాత్రి దాటాక పండో, మజ్జిగో, గుప్పెడు పల్లీలో తీసుకోవడం మంచిది. పగలు పడుకునే గదికి ముదురు రంగు కర్టెన్ వేయించుకోవడం ఏ ప్రొటీన్ డబ్బా కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఇంట్లోవాళ్లు ఆ నాలుగైదు గంటలు టీవీ సౌండ్ తగ్గించాలి, అది కుటుంబమంతా చేసుకోవాల్సిన అలవాటు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అక్కలు ఒడిలో చాట పెట్టుకుని గంటలకొద్దీ ఒకే తీరున వంగి కూర్చుంటారు. వాళ్లకు నేను చెప్పేది పొద్దున నడక కాదు. కొన్ని కట్టలు పూర్తయిన ప్రతిసారీ చాట పక్కన పెట్టి లేవండి. చేతులు కడుక్కుని, నడుం వెనక్కి వంచి, గుమ్మం దాకా వెళ్లి నీళ్లు తాగి రండి. పని లెక్క ఎలాగూ కట్టల్లోనే కదా, విరామం కూడా ఆ లెక్కలోనే పెట్టుకుంటే గుర్తుంటుంది.

నాట్లకు, కలుపుకు, మిరప ఏరడానికి పోయే కూలీలకు వ్యాయామం గురించి చెప్పడం సిగ్గుమాలిన పని. వాళ్లకు కావాల్సింది ఎండ ముదరకముందే పని మొదలై ముగియడం, వెంట చాలినన్ని నీళ్లు, పొద్దున అంబలితో పాటు ఒక గుడ్డో గుడాలో, రాత్రి నిద్ర. పనులు లేని నెలల్లో మాత్రం ఒళ్లు కదలడం తగ్గి తిండి అలాగే ఉంటుంది, అప్పుడు అన్నం గ్లాసు సంగతి వాళ్లకూ వర్తిస్తుంది.

ఎప్పుడు మార్చుకోవాలి

ఎంచుకున్న అలవాటు పనిచేస్తోందా లేదా అని పది రోజులకోసారి త్రాసెక్కి చూసుకోకండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపిస్తుంది కాబట్టి మూడు నెలలకు చేయించుకోవడమే సబబు. ముప్ఫై దాటినవాళ్లకు బీపీ, షుగర్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు. ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకసారి వెళ్లి చూపించుకోండి.

మూడు నెలల తర్వాత రాత్రి భోజనం టైముకు కుదిరి, నిద్ర ఏడు గంటలకు చేరి ఉంటే, అప్పుడు పొద్దున నడక మొదలుపెట్టండి, వారానికి మూడు రోజులతో. కుర్చీ వ్యాయామం ఆ తర్వాత. భోజనం టైము ఇంకా కుదరలేదంటే రెండోదాన్ని తగిలించకండి. డబ్బా దారి ఎంచుకున్నవాళ్లు గుడాల దారికి, గుడాల దారిలో ఉన్నవాళ్లు డబ్బా దారికి మారి ఇంకో నెల చూడండి.